నూనె నింపిన చేతిగడియారాలు: వాటి ప్రయోజనం ఏమిటి, వాటిలో ఆకర్షణ ఏమిటి?

కాలగమనం (నారాయణగూడ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. డయలుకూ అద్దానికీ మధ్య గాలి బదులు నూనె నింపిన చేతిగడియారాల గురించి తెలిసినవారు చెబుతారని ఈ ప్రశ్న పెడుతున్నాను. మా ఆఫీసులో ఒక సహోద్యోగి మామూలు కాసియో ఎఫ్-91డబ్ల్యూ గడియారంలో సిలికాన్ నూనె నింపించుకుని వచ్చారు. చేతిలోకి తీసుకుని చూస్తే అంకెలు లోపల ఎక్కడో ఉన్నట్టు కాకుండా, అద్దం పైపొర మీదే అచ్చు వేసినట్టు కనిపించాయి. నా దగ్గరా అదే మోడలు ఉంది కాబట్టి రెండింటినీ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూశాము. నా గడియారం అద్దంలో ట్యూబులైటు నీడ పడి అంకెలకు అడ్డం వచ్చింది. ఆయన గడియారంలో ఆ నీడ ఉన్నప్పటికీ బాగా పలచబడింది, అంకెలు మాత్రం గట్టి నలుపులో నిలబడ్డాయి.

ఇలాంటి గడియారాలు సముద్రంలో లోతుగా దిగేవారి కోసం పుట్టాయని ఆయన చెప్పారు. సముద్రానికి ఇంత దూరంలో, హైదరాబాదులో ఉన్నవాళ్ళకు వాటితో పని ఏమిటన్నది నా మొదటి సందేహం. ఒకవేళ చదవడానికి నిజంగానే అంత మేలైతే, అన్ని కంపెనీలూ గడియారాలను ఇలాగే ఎందుకు తయారు చేయడం లేదన్నది రెండో సందేహం. మూడోది నా సొంత విషయం. మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా, రోజూ కీ ఇచ్చేది, నా దగ్గర ఉంది. అందులోనూ నూనె నింపించవచ్చా? మన మే నెల ఎండలకు అది తట్టుకుంటుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

కాంతిరేఖ (తార్నాక) సమాధానం

కాలగమనం గారూ, మీరు చూసింది భ్రమ కాదు. నేను డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. కాంతి ఒక పదార్థం నుంచి మరో పదార్థంలోకి వెళ్ళేటప్పుడు ఏం జరుగుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తరగతి గదిలో దొరకలేదు. అందువల్ల మీ మొదటి సందేహంలో చదవడానికి సంబంధించిన భాగాన్ని కొంచెం నిదానంగా వివరిస్తాను.

ప్రతి పారదర్శక పదార్థానికీ ఒక వక్రీభవన గుణకం, అంటే అది కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే అంకె, ఉంటుంది. గాలికి 1.00, నీటికి 1.33, సిలికాన్ నూనెకు సుమారు 1.40, మీ కాసియోకు ఉండే అక్రిలిక్ అద్దానికి 1.49, ఖరీదైన గడియారాలకు వేసే సఫైర్ అద్దానికి 1.77. రెండు పదార్థాలు కలిసే సరిహద్దు దగ్గర ఈ అంకెల మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే అంత ఎక్కువ కాంతి లోపలికి వెళ్ళకుండా వెనక్కు తిరుగుతుంది. లెక్క కూడా సులువే: రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే, ఎదురుగా పడే కాంతిలో ఎంత వంతు తిరిగి వస్తుందో తెలుస్తుంది. అక్రిలిక్‌కూ గాలికీ మధ్య అది 3.9 శాతం; అక్రిలిక్‌కూ సిలికాన్ నూనెకూ మధ్య 0.1 శాతం మాత్రమే. సఫైర్ విషయంలో గాలితో 7.7 శాతం ఉన్నది నూనెతో 1.4 శాతానికి దిగుతుంది.

గాలి ఉన్న డిజిటల్ గడియారంలో కాంతి తిరిగి వచ్చే సరిహద్దులు ముఖ్యంగా మూడు ఉంటాయి. ఒకటి అద్దం పైభాగం, రెండోది అద్దం లోపలి భాగం, మూడోది అంకెలు కనిపించే ఎల్‌సీడీ పలక మీద అతికించిన ధ్రువణ ఫిల్ము. నూనె పోయగానే రెండోదీ మూడోదీ దాదాపు మాయమవుతాయి. మొదటిది మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే బయట ఇంకా గాలే ఉంది. మీరు చూసిన ట్యూబులైటు నీడ పూర్తిగా పోకుండా పలచబడి ఉండిపోవడానికి కారణం ఇదే. నూనె పోస్తే మెరుపు మొత్తం పోతుందని కొందరు రాస్తుంటారు, అది సరికాదు.

అంకెలు పైకి తేలినట్టు అనిపించడానికి కారణం వేరు. నూనెలో ఉన్న వస్తువు దాని అసలు లోతులో దాదాపు ఏడు పదోవంతుల లోతులోనే ఉన్నట్టు కంటికి తోస్తుంది. డయలుకూ అద్దానికీ మధ్య 1 మిల్లీమీటరు ఖాళీ ఉంటే అది 0.7 మిల్లీమీటరుగా కనిపిస్తుంది. దానికితోడు మధ్యలో మెరిసే పొర ఏదీ లేకపోవడంతో కంటికి లోతును పట్టుకునే ఆనవాలు దొరకదు, డయలు అద్దానికే అతుక్కుని ఉన్నట్టు అనిపిస్తుంది.

వాలుగా చూసినప్పుడు తేడా మరింత పెద్దది. నిట్టనిలువు చూపుకు 80 డిగ్రీల కోణంలో, అంటే దాదాపు అద్దం అంచు వెంట చూస్తున్నారనుకోండి. గాలి ఉన్న గడియారంలో ఆ చూపు లోపల కూడా అదే 80 డిగ్రీల వాలులో పోతుంది కాబట్టి, 1 మిల్లీమీటరు ఎత్తున్న లోపలి అంచుగోడ డయలు మీద 5.5 మిల్లీమీటర్లకు పైగా కప్పేస్తుంది. నూనెలో అదే చూపు 45 డిగ్రీలకు వంగి దిగుతుంది, అంచుగోడ కప్పేది 1 మిల్లీమీటరే. బండి నడుపుతూ చెయ్యి తిప్పకుండా ఓరకంట సమయం చూసుకోవాలంటే ఇది నిజంగా పనికొచ్చే లక్షణం. అయితే ఎల్‌సీడీ అంకెలు కొన్ని కోణాల్లో వాటంతట అవే పలచబడతాయి. ఆ పరిమితి నూనెతో తీరదు. ముళ్ళున్న గడియారాలకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి నూనె అందం వాటిలోనే పూర్తిగా తెలుస్తుంది.

నలుపు గట్టిపడటం గురించి కూడా అడిగారు. ఇంటి ముందు పరిచిన షాబాదు బండల మీద నీళ్ళు చల్లితే రంగు ముదిరి, రాతిలోని చారలు తేటగా కనిపించడం మనందరం చూసిందే. పొడి ఉపరితలం మీద చెల్లాచెదురయ్యే తెల్లని వెలుతురు తడిసినప్పుడు తగ్గిపోతుంది, లోపలి అసలు రంగు కంటికి చేరుతుంది. డయలు రంగుకు నూనె చేసేది కూడా అదే.

లోతునీరు (సైనిక్‌పురి) సమాధానం

కాంతిరేఖ మేడమ్ చెప్పినదానికి కొనసాగింపుగా, ఈ ఆలోచన ఏ అవసరం నుంచి పుట్టిందో నేను చెబుతాను. ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉండగా చాలా ఏళ్ళు నీటి అడుగున పని చేసినవాణ్ణి. నీళ్ళలో గడియారానికి వచ్చే కష్టాలు రెండు: ఒకటి చదవడం, రెండోది పీడనం.

చదవడం సంగతి ముందు చూద్దాం. నీళ్ళలో మామూలు గడియారాన్ని ఎదురుగా పెట్టుకుని చూస్తే బాగానే కనిపిస్తుంది. మణికట్టును కొంచెం వాల్చగానే డయలు ఉన్నట్టుండి మాయమై, అద్దం మొత్తం వెండి రేకులా మెరుస్తుంది. నీటి నుంచి అద్దం గుండా లోపలి గాలిలోకి పోవలసిన చూపు, సుమారు 48.6 డిగ్రీలు దాటాక లోపలికి పోలేక మొత్తం వెనక్కు తిరగడమే దీనికి కారణం. పాఠ్యపుస్తకాల్లో సంపూర్ణాంతర పరావర్తనం అని చదువుకున్నది ఇదే. ఒక చేత్తో తాడు పట్టుకుని, మరో చేత్తో పని చేస్తూ, మబ్బు నీళ్ళలో ఎంతసేపు మిగిలి ఉందో చూసుకోవలసిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. నీటి గుణకం 1.33, నూనె గుణకం 1.40; నీటికంటే నూనెది ఎక్కువ కాబట్టి నూనె నింపిన గడియారంలో ఏ కోణంలోనూ ఈ వెండి రేకు ఏర్పడదు. గాలి లేకపోతే అందులో తేమ ఉండదు, అద్దం లోపల ఆవిరి పట్టదు. రోజుల తరబడి హీలియం కలిసిన గాలి పీల్చుతూ పీడన గదుల్లో ఉండే డైవర్ల గడియారాల్లోకి హీలియం చొరబడి, పైకి వచ్చేటప్పుడు అద్దాన్ని ఊడగొట్టే ప్రమాదం ఉంటుంది. వాయువు చేరడానికి ఖాళీయే లేని గడియారానికి ఆ బెడదా ఉండదు.

ఇక పీడనం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అద్దం వ్యాసం 30 మిల్లీమీటర్లనుకుంటే, 100 మీటర్ల లోతులో దాని మీద అదనంగా పడే బరువు 70 కిలోల పైమాటే. 1,000 మీటర్లకు అది 700 కిలోలు దాటుతుంది. లోపల గాలి ఉంటే ఈ బరువునంతా అద్దమూ, వెనకమూతా ఒంటరిగా మోయాలి. అందుకే పాత పద్ధతిలో లోతు పెరిగేకొద్దీ గడియారం లావెక్కుతూ పోతుంది. 1960 జనవరి 23న ట్రియెస్ట్ అనే జలాంతర నౌక మరియానా అగాధం అడుగుకు దిగినప్పుడు దాని బయట కట్టి పంపిన రోలెక్స్ గడియారానికి అద్దం గోళీలా ఉబ్బి ఉంటుంది. అదే కంపెనీ 2012లో 12,000 మీటర్ల కోసం చేసిన డీప్‌సీ ఛాలెంజ్ మందం 28.5 మిల్లీమీటర్లు. చొక్కా చేతికింద అది పట్టదు.

నూనెను గాలిలాగా నొక్కేయలేము. లోపల నిండుగా నూనె ఉండి, వెనకమూత కొంచెం లోపలికి వంగగలిగితే, బయటి పీడనం ఎంత ఉంటే లోపల కూడా దాదాపు అంతే ఉంటుంది. అద్దానికి రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉన్నప్పుడు దాన్ని పగలగొట్టేది ఏదీ ఉండదు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన జిన్ కంపెనీ 1990ల్లో ఈ పద్ధతిని హైడ్రో అనే పేరుతో తెచ్చింది. 1997లో బెల్ అండ్ రాస్ పేరుతో వచ్చిన హైడ్రోమాక్స్‌ను తయారు చేసింది కూడా వారే. దానికి ఇచ్చిన లోతు హామీ 11,100 మీటర్లు. తరువాత వచ్చిన జిన్ యూఎక్స్‌ను జర్మన్ జలాంతర్గాములకు వాడే ఉక్కుతో చేశారు. దాని పెట్టె 12,000 మీటర్ల పీడనాన్ని ఓర్చుకుంటుంది, లోపలి యంత్రం 5,000 మీటర్ల వరకు నడుస్తుంది. అయినా మందం 13 మిల్లీమీటర్ల పైచిలుకే. రోలెక్స్‌తో పోల్చి చూడండి, నూనె ఏం సాధించిందో తెలుస్తుంది.

నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. 5,000 మీటర్లకు మనిషి ఒంటరిగా ఈదుకుంటూ వెళ్ళడు, కాబట్టి ఆ అంకె ఎవరికీ నేరుగా పనికిరాదు. నీళ్ళలో పని చేసేవాడికి ఈ గడియారం విలువ ఏ వాలులోనైనా చదవగలగడంలో ఉంది. నేనైతే దాని కోసమే డబ్బు పెడతాను.

సుల్తాన్‌బజార్ మరమ్మతు సమాధానం

నమస్కారమండీ. నేను గడియారాల మరమ్మతు చేస్తాను. ఈ మధ్య కుర్రవాళ్ళు తమ గడియారాల్లో నూనె నింపమని తరచుగా వస్తున్నారు కాబట్టి చేతిపని వైపు నుంచి కొన్ని సంగతులు రాస్తాను.

మొదట హెచ్‌ఎంటీ సంగతి. కాలగమనం గారూ, దయచేసి మీ నాన్నగారి జనతా జోలికి వెళ్ళకండి. కీ ఇచ్చే గడియారంలో ప్రాణమంతా బ్యాలెన్స్ చక్రం ఊగడంలో ఉంటుంది. జనతాలో అది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది, వెంట్రుకలాంటి స్ప్రింగు దాన్ని లాగి వదులుతూ ఉంటుంది. నూనెలో ముంచితే ఆ చక్రం ఊగనే ఊగదు. ఎంత పలచని నూనె అయినా అంతే. పైగా ఆ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి, మళ్ళీ విప్పి పెట్రోలుతో కడిగి ఒక్కో చుక్కా తీయాలి. దాన్ని శుభ్రం చేయించి, లోపలి చక్రాల ఇరుసులు ఆనే గట్టి రాళ్ళకు సరైన నూనె చుక్కలు వేయించి వాడుకుంటే మీ తరువాతి తరం కూడా కట్టుకుంటుంది.

నూనె పోయదగినది క్వార్ట్జ్ గడియారం, అంటే సెల్లుతో నడిచేది మాత్రమే. అందులో సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం చిన్న లోహపు గొట్టంలో గాలి తీసేసి మూసి ఉంటుంది, నూనె దాన్ని తాకదు. ముళ్ళను తిప్పే చిన్న మోటారు సెకనుకు ఒక్క అడుగు వేస్తుంది. పలచని నూనెలో అది కొంచెం కష్టపడుతూ అయినా తిరుగుతుంది, సెకన్ల ముల్లు టక్కున ఆగకుండా మెత్తగా వచ్చి నిలబడుతుంది. చిక్కని నూనె అయితే మోటారు అడుగులు తప్పి గడియారం వెనకబడుతుంది, సెల్లు కూడా తొందరగా అయిపోతుంది. డిజిటల్ గడియారంలో కదిలేది ఏమీ లేదు కాబట్టి ఎఫ్-91డబ్ల్యూ లాంటిది మొదటి ప్రయత్నానికి అన్నిటికంటే మంచిది. అలారం మోత మాత్రం బాగా తగ్గుతుంది, ఎందుకంటే వెనకమూతకు అంటుకున్న పలక కంపించే ధ్వనిని నూనె మింగేస్తుంది. పొద్దున్నే దాని అలారంతో లేచే అలవాటున్నవారు ఇది ఆలోచించుకోవాలి.

ఏ నూనె అన్నది చాలామంది తేలికగా తీసుకుంటారు. కొబ్బరినూనె పోయమని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. చలికాలం రాగానే అది తెల్లగా గడ్డకడుతుంది, ఆ తరువాత మక్కు వాసన కొడుతుంది. వంటనూనెలు జిగురుగా మారతాయి. గ్లిజరిన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ సర్క్యూటుకు చేటు. కుట్టుమిషను నూనె, పిల్లలకు రాసే పారాఫిన్ నూనె రెండూ కరెంటును పోనివ్వవు, చూడటానికి కూడా బాగుంటాయి, కానీ కాలం గడిచేకొద్దీ కొన్ని డయలు రంగులనూ, జిగురునూ మెత్తబరుస్తాయి. స్వచ్ఛమైన సిలికాన్ నూనె వీటన్నిటికంటే నమ్మదగినది. రిమోట్ బొమ్మకార్ల షాక్ అబ్జార్బర్లలో పోసేది ఇదే. సీసా మీద చిక్కదనం సెంటీస్టోక్‌లలో రాసి ఉంటుంది. ముళ్ళున్న గడియారానికి 10 నుంచి 20 దాటనివ్వను, డిజిటల్‌కు 50 వరకు ఫరవాలేదు. ట్రెడ్‌మిల్ బెల్టు కింద వేసేది కూడా సిలికాన్ నూనే, కానీ అది చాలా చిక్కన.

పోసే పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. సెల్లు బిగించి, అన్ని అంకెలూ వెలుగుతున్నాయో లేదో చూసుకుని, మెషినునూ పెట్టెనూ విడివిడిగా గాజు గిన్నెలోని నూనెలో ముంచుతాము. ఎల్‌సీడీ కిందా, బటన్ల పక్కనా, సెల్లు అడుగునా బుడగలు దాక్కుంటాయి. గాలి పీల్చే పంపు కింద పెడితే అవి పెద్దవై పైకి వస్తాయి, పంపు లేనివారు సన్నని సిరంజితో నూనెను తోస్తూ, గిన్నెను తట్టుతూ తీయాలి. తరువాత నూనె లోపలే మెషినును పెట్టెలో కూర్చి, రబ్బరు వాషరు నలగకుండా వెనకమూత బిగించాలి. ఆ వాషరు నల్లని నైట్రైల్ రకమై ఉండాలి. సిలికాన్ రబ్బరు వాషరు అయితే సిలికాన్ నూనెను పీల్చి ఉబ్బిపోతుంది. మంచి ఓ-రింగులు రాణిగంజ్‌లో అన్ని కొలతల్లోనూ దొరుకుతాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: సిలికాన్ నూనె తగిలిన చోట తరువాత ఏ జిగురూ పట్టదు. అద్దాన్ని జిగురుతో అతికించిన గడియారమైతే, అద్దం మార్చవలసివస్తే అది పెద్ద పనే అవుతుంది.

ఎండ గురించి అడిగారు. అసలు చిక్కు అక్కడే ఉంది. సిలికాన్ నూనె ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. జనవరి పొద్దున 15 డిగ్రీల దగ్గర నింపి, మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే 45 డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. లోపల 1 మిల్లీలీటరు నూనె ఉంటే అది 0.045 మిల్లీలీటరు పెరగాలని చూస్తుంది. అంకె చిన్నదే అయినా, పోవడానికి చోటు లేకపోతే నూనె వాషరును తోసుకుని బటన్ల పక్కనుంచి కారుతుంది. మళ్ళీ చల్లబడగానే ఆ ఖాళీలోకి గాలి వచ్చి బుడగ అవుతుంది. అందుకే నేను ఎండాకాలంలో, గది వేడి 35 డిగ్రీలు ఉన్నప్పుడు నింపడానికే ఇష్టపడతాను. అప్పుడు నూనె ఇంకా పెరగవలసింది తక్కువ. చలికాలంలో తగ్గినప్పుడు వెనకమూత కొంచెం లోపలికి వంగుతుంది, లేదా ఆవగింజంత బుడగ కనిపిస్తుంది. ఆ బుడగను చూసి బాధపడవలసిన పని లేదు, గడియారానికి అది ఊపిరి తీసుకునే చోటు. కావాలనే అంత బుడగ ఉంచి మూసేవారు కూడా ఉన్నారు.

కాలగమనం

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. నాన్నగారి జనతాను ముట్టుకోను, శుభ్రం చేయించడానికే తీసుకువస్తాను. మరో రెండు సందేహాలు మిగిలాయి. కీ గడియారం నూనెలో నడవదని మీరంటున్నారు, కానీ నూనె నింపిన ఆటోమేటిక్ గడియారం (చేతి కదలికతో తనంతట తానే కీ తిరిగేది) ఒకటి యూరప్‌లో తయారవుతోందని చదివాను. అది ఎలా సాధ్యం? ఇంకొకటి, ఎఫ్-91డబ్ల్యూలో నూనె పోయిస్తే దానితో ఈతకు దిగవచ్చా?

యంత్రకళ (మియాపూర్) సమాధానం

మీరు చదివింది రెసెన్స్ గురించి అయి ఉంటుంది. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కు చెందిన బెన్వా మింటియెన్స్ అనే డిజైనరు స్థాపించిన కంపెనీ అది. 2013లో వచ్చిన టైప్ 3 గడియారంలో ఆయన మరమ్మతు గారు చెప్పిన అడ్డంకిని ఎదుర్కోలేదు, పక్కనుంచి దాటారు. గడియారాన్ని రెండు అరలు చేశారు. కింది అరలో గాలి, అందులో మామూలు ఆటోమేటిక్ యంత్రం, దాని బ్యాలెన్స్ చక్రం హాయిగా ఊగుతూ ఉంటుంది. పై అరలో నూనె, అందులో సమయం చూపే పలకలు మాత్రమే. రెండింటి మధ్య గోడకు ఎక్కడా రంధ్రం లేదు. కింద తిరిగే చిన్న అయస్కాంతాలు పైన ఉన్న అయస్కాంతాలను తమతో తిప్పుతాయి. రంధ్రం లేదు కాబట్టి నూనె కిందికి దిగే దారి లేదు. వేడికి నూనె పెరిగి తగ్గడానికి పై అరలో ముడుచుకుని విచ్చుకునే లోహపు తిత్తులు పెట్టారు, అంటే సుల్తాన్‌బజార్‌లో వెనకమూత వంపుకూ ఆవగింజంత బుడగకూ వదిలేసిన పనిని అక్కడ ఆ తిత్తులు చేస్తాయి. డయలు మీద ఉష్ణోగ్రతను చూపే ముల్లు కూడా ఉంటుంది. నూనె మీద ఉబ్బెత్తు అద్దం ఉండటంతో పలకలు ఆ వంపు మీదే తేలుతున్నట్టు కనిపిస్తాయి. 2015లో ఇదే పద్ధతిలో టైప్ 5 అనే డైవింగ్ గడియారం కూడా తెచ్చారు.

మీ మొదటి టపాలోని రెండో సందేహానికి కూడా ఇందులోనే జవాబు ఉంది. ఆ పని అంత సులువైతే తిత్తులూ, అయస్కాంతాలూ, రెండు అరలూ అవసరమయ్యేవి కావు. లక్షల సంఖ్యలో గడియారాలు తయారు చేసే కంపెనీకి ఒక్కో గడియారంలో బుడగ లేకుండా నూనె నింపడం, తరువాత సెల్లు మార్చడానికి వచ్చినప్పుడల్లా మళ్ళీ నింపడం అంటే, ఊరూరా అందుకు తగిన మనుషులూ సామగ్రీ ఉండాలి. అద్దం లోపలి వైపు మెరుపు తగ్గించే పూత వేస్తే చాలా తక్కువ ఖర్చుతో ప్రయోజనంలో కొంత భాగం దక్కుతుంది. ఎక్కువ కంపెనీలు అక్కడితో ఆగిపోతాయి.

సుల్తాన్‌బజార్ మరమ్మతు

ఈత గురించి అడిగారు. నూనె పోయించినంత మాత్రాన ఎఫ్-91డబ్ల్యూ ఈత గడియారం కాదు. దాని మీద నీటిని తట్టుకుంటుందని రాసి ఉన్నది చేతులు కడుక్కోవడానికీ, వాన చినుకులకూ సరిపోయే మాట. నూనె నింపితే ఒత్తిడి తేడా తగ్గేమాట నిజమే, కానీ నీళ్ళలో బటను నొక్కితే దాని పక్కనుంచి నీరు దూరవచ్చు. సిలికాన్ నూనె నీటికంటే కాస్త తేలిక కాబట్టి దూరిన చుక్క అడుగుకు చేరి సెల్లును తాకుతుంది. నూనెలో అది వెంటనే కనిపించదు కూడా. ఈత కొట్టాలంటే 100 మీటర్లని రాసి ఉన్న గడియారం తీసుకోండి. ఎఫ్-91డబ్ల్యూలో నూనె పోయించుకోవడం చదవడం కోసం, చూసుకుని మురవడం కోసం మాత్రమే.

సెల్లు విషయం యంత్రకళ గారు సరిగ్గా చెప్పారు. ముళ్ళున్న క్వార్ట్జ్ గడియారమైతే రెండు మూడేళ్ళకోసారి విప్పి మళ్ళీ నింపాలి. ఎఫ్-91డబ్ల్యూ సెల్లు ఏడేళ్ళ దాకా వస్తుందని కంపెనీ చెబుతుంది, అందుకని కూడా అదే మేలు. నింపించేటప్పుడు కొత్త సెల్లు వేయించడం మరిచిపోకండి.

కాంతిరేఖ

మరమ్మతు గారు నూనెల గురించి రాసింది చదివాక చిన్న లెక్క వేశాను. పారాఫిన్ నూనె గుణకం సుమారు 1.47, అంటే అక్రిలిక్‌కు సిలికాన్ నూనెకంటే దగ్గర. దానితో లోపలి మెరుపు 0.1 శాతం నుంచి 0.005 శాతానికి పడిపోతుంది. కాగితం మీద ఇరవై రెట్లు మెరుగే. కానీ అద్దం పైభాగం నుంచి ఎలాగూ 3.9 శాతం తిరిగి వస్తూనే ఉంటుంది, దాని ముందు ఈ రెండింటి మధ్య తేడాను మనిషి కన్ను పట్టుకోలేదు. అందువల్ల డయలు రంగునూ జిగురునూ కాపాడే సిలికాన్ నూనెనే ఎంచుకోమని నేను కూడా చెబుతాను.